శుక్రవారంలోపు ఇవ్వాల్సిన జవాబు

ఒక కాగితం ఇరవై ఏళ్ళకు పైగా నా దగ్గర ఉంది. తూకం వేస్తే తులం కూడా ఉండదు. ఇల్లు మారినప్పుడల్లా ముందు దాన్నే సర్దాను. కొత్తింట్లో ముందు దాన్నే దాచాను. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరుగరు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల నడుమ సంగతి. యాదగిరీ నేనూ ఎమ్మెస్సీ కలిసి చదివాం. అతని అసలు పేరు అది కాదు. వాళ్ళది తాతల నాటి నుంచి చిక్కడపల్లి. నాన్న కాచిగూడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమస్తా. మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. నారాయణగూడలో మా మేనమామకు ఎస్‌టీడీ బూత్ ఉండేది. ఫ్యాక్స్ మెషీన్ కూడా ఉండేది. ఆ వేసవిలో పొద్దున్నే షట్టర్ తీసి సాయంత్రం దాకా కూర్చోవడం నా పని.

ఇద్దరం కెనడాలో ఒకే డిపార్ట్‌మెంట్‌కి పీహెచ్‌డీకి అప్లై చేశాం. ఇద్దరికీ సీటు వచ్చింది. ఫండింగ్ మాట మాత్రం ఎవరి ఉత్తరంలోనూ లేదు. అది లేకపోతే సీటు వచ్చినా రానట్టే. అందుకని మా బూత్ నంబరు ఇచ్చి ఇద్దరం జవాబు ఫ్యాక్స్ చేశాం. సీటిచ్చినందుకు కృతజ్ఞతలు, చేరాలని ఉంది, అసిస్టెంట్‌షిప్ దొరుకుతుందా అని. నాది పేజీన్నర. మూడుసార్లు తిరగరాసి టైపు చేయించాను. యాదగిరిది ఎనిమిది వాక్యాలు. తాను చేసిన ప్రయోగం, అక్కడ చేయాలనుకున్న పని, డబ్బు సాయం లేకపోతే రాలేనన్న మాట. అంతే. ఇలా మొహం మీద అడుగుతారా ఎవరైనా అని నవ్వాను. అతను అదే పంపమన్నాడు.

ముందు నాకు జవాబొచ్చింది. ప్రస్తుతానికి వెయిటింగ్ లిస్టులో పెట్టామన్నారు.

ఆ తర్వాతి మంగళవారం షట్టర్ ఎత్తేసరికి మెషీన్ నుంచి ఒక కాగితం చుట్ట చుట్టుకుని వేలాడుతోంది. పైన యాదగిరి పేరు. అసిస్టెంట్‌షిప్ ఖరారైంది, శుక్రవారంలోపు అంగీకారం తెలపండి, లేకపోతే జాబితాలో తర్వాతి వారికి ఇస్తాం.

తర్వాతి వారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కాగితాన్ని మెషీన్ నుంచి చింపి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం అతను వచ్చినప్పుడు ఇద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకుంటే ఆ ఒక్క పూట దొంగను కానని, రేపటికి రేపు చూసుకోవచ్చని నన్ను నేనే బుజ్జగించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అతను రోజూ ఐదింటికి సైకిలు మీద వచ్చేవాడు. ఏమన్న వచ్చిందా అని అడిగేవాడు. లేదనేవాణ్ణి. మంగళవారం తలెత్తకుండా అన్నాను. బుధవారానికి అతని మొహం చూసే అన్నాను.

గురువారం వచ్చి ఎదుటి స్టూలు మీద కూర్చున్నాడు. "నీ మిషన్ నా మీద అలిగినట్టుంది ర. నోరే తెరుస్తలేదు" అన్నాడు. నవ్వాను. అతను స్టూలు దగ్గరికి జరుపుకుని, "ఇంకో ఫ్యాక్స్ కొడ్దామా? జర నువ్వే మంచిగ రాసియ్యి. నాది మోటు ఇంగ్లీషాయె, గందుకే పలుకుతలేరేమో" అన్నాడు.

జేబులో కాగితం ఊపిరి తీసుకున్నప్పుడల్లా గరగరలాడుతోంది. అతనికి వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

"మళ్ళీ మళ్ళీ అడిగితే చులకనైపోతావురా. ఇచ్చేవాళ్ళయితే ఈపాటికి ఇచ్చేవాళ్ళు. అడుక్కున్నట్టుంటుంది."

అతను రోడ్డు వైపు చూశాడు. "నిజమే. అడుక్కునుడు ఎందుకు" అని లేచాడు. "రోజు వచ్చి నిన్ను పరేషాన్ చేస్తున్న. ఏమనుకోకు."

శుక్రవారం రాలేదు. వాళ్ళకు శుక్రవారం సాయంత్రమయ్యేసరికి మనకు శనివారం తెల్లవారుతుంది. అంటే శుక్రవారం బూత్ మూసేటప్పటికి కూడా ఇంకా సమయం ఉంది. ఆ లెక్క నాకు బాగా తెలుసు. యాదగిరి ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. షట్టర్ దించి ఇంటికి వెళ్ళిపోయాను.

జాబితాలో ఆ తర్వాతి వారు నేను కాదు. అది ఇంకెవరికో వెళ్ళింది. నాకు రెండు వాక్యాల విచారం వచ్చింది.

యాదగిరి నారాయణగూడలోనే ఒక కాలేజీలో లెక్చరరయ్యాడు. అప్పుడప్పుడూ కలిసి చాయ్ తాగుతాం. ఒకసారి తన విద్యార్థుల ముందు నా భుజం మీద చెయ్యేసి, "ఒకప్పుడు నన్ను అడుక్కోనియ్యకుండ ఆపిండు వీడు" అన్నాడు. గర్వంగా అన్నాడు. నేను చాయ్ తాగుతూ ఉండిపోయాను.

ఆ రోజే ఇంటికొచ్చి, ఇక ఇచ్చేద్దామని కాగితం బయటికి తీశాను. తెల్లగా ఉంది. ఆ ఫ్యాక్స్ కాగితాల మీద అక్షరాలు ఏళ్ళు గడిస్తే వెలిసిపోతాయి. అతని పేరు కూడా మిగల్లేదు. నాకు మొదట కలిగింది ఊరట. ఆ మంగళవారం చేసింది ఆశకొద్దీ చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఈ ఊరటకు ఏ సాకు చెప్పను?

ఇవాళ పెన్ను తీసుకుని ఆ కాగితం మీదే మళ్ళీ రాశాను. యాదగిరికి. మీకు అసిస్టెంట్‌షిప్ ఖరారైంది. శుక్రవారంలోపు జవాబివ్వండి. పైన అతని అసలు పేరే రాశాను.

రేపు దాన్ని అతని చేతిలో పెడతానని మీకు మాటివ్వను. అలాంటి మాటలు నాకు నేను చాలాసార్లు ఇచ్చుకున్నాను. ఇప్పటికి జరిగింది ఒక్కటే. ఆ కాగితంలో ఏముందో ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీరూ చదివారు.