రెండు అర్జీలు

సుందరమ్మ ఆడవాళ్ల జనానా ఆసుపత్రిలో ఆయాగా చేరింది 1936లో. తండ్రి ఇశ్రాయేలు మిషన్ బంగళాలో వంటవాడు. అక్కడి బడిలో ఆమెకు ఇంగ్లీషు వచ్చింది. పుట్టి పెరిగింది బహదూర్‌పురా గల్లీలో కాబట్టి ఉర్దూ చిన్నప్పుడే అబ్బింది. రెండూ చదవగలదు, రాయగలదు. అయినా ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. గిన్నెలు కడిగేది, పక్కలు మార్చేది.

కొత్తగా వచ్చిన దొరసాని డాక్టరుకు ఇంగ్లీషు తప్ప మరో మాట రాదు. రోగులు చెప్పింది ఆమెకు వినిపించే పని హెడ్ నర్సు పుష్పమ్మది. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. రోగి పది మాటలంటే రెండు చెప్పి సరిపెట్టేది.

ఒక ఉదయం రాబియాబీ అనే గర్భిణిని ఆపరేషన్‌కు తీసుకువెళ్తున్నారు. ఆమె పుష్పమ్మ చెయ్యి పట్టుకుని ఉర్దూలో గోల పెట్టింది. పోయిన కాన్పులో మత్తు వాసన చూపిస్తే ఊపిరి ఆగిందట, సాయంత్రం దాకా తెలివి రాలేదట.

"భయపడుతోంది, అంతే" అని పుష్పమ్మ ఇంగ్లీషులో చెప్పింది.

పక్కన బొంత మడుస్తున్న సుందరమ్మ ఆగింది. "కాదమ్మా, ఆమె చెప్పేది వేరు" అని రాబియాబీ అన్నదంతా ఇంగ్లీషులో అప్పజెప్పింది. డాక్టరు మత్తుమందు ఆపించి, వెన్నులో మొద్దుబార్చే సూది వేయించింది. తల్లీ బిడ్డా బతికారు.

మరునాటి నుంచి సుందరమ్మకు తెల్లచీర ఇచ్చి, జీతం పెంచి, రోగుల మాటలు చెప్పడానికి మంచాల దగ్గర డాక్టరు పక్కన నిలబెట్టారు.

"మురికి పక్కలు ఎత్తేటిదానివి, నా మాటకు అడ్డం వస్తవా?" అంది పుష్పమ్మ వరండాలో, అందరూ వింటుండగా.

"నువ్వు సరిగ్గ చెప్తే నేనెందుకు వస్త?" అంది సుందరమ్మ. ఆమె నోరూ మెత్తనిది కాదు.

ఆ తర్వాత ఆమె పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆయాలు కూడా, తమలో ఒకతె పైకెక్కిందని, మొహం తిప్పుకున్నారు.

రెండేళ్లకు డాక్టరు పిలిచి, "పాత పనికే పంపమని అడిగావట, ఎందుకు?" అంది. డాక్టరు చేతిలో ఇంగ్లీషు అర్జీ ఉంది, కింద సుందరమ్మ పేరు. ఆమె అలాంటిదేమీ రాయలేదు. అదే మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ఆగయ్య ఇంకో కాగితం చూపించాడు. అది ఉర్దూలో ఉంది. పరదాలో ఉండే ఆడవాళ్ల రహస్యాలు సుందరమ్మ గల్లీలో చెబుతోందని దాని సారాంశం. కింద పుష్పమ్మ సంతకం. నయాపూల్ దగ్గర అర్జీలు రాసే మున్షీ చేత రాయించింది.

డాక్టరుకు ఉర్దూ రాదు, ఆగయ్యకు ఇంగ్లీషు రాదు. ఒకరి చేతిలో ఉన్నది రెండోవారు చదవలేరన్నదే పుష్పమ్మ ధైర్యం.

సుందరమ్మ డాక్టరునూ ఆగయ్యనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, పుష్పమ్మను పిలిపించమంది. ఇంగ్లీషు అర్జీని ఆగయ్యకు ఉర్దూలో, ఉర్దూ అర్జీని డాక్టరుకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఒక్క మాట వదల్లేదు.

"ఏందిది పుష్పమ్మా?" అన్నాడు ఆగయ్య. "తనే పోతా అన్నదాని మీద ఫిర్యాదు ఎందుకు?"

డాక్టరు వార్డు పుస్తకం తెరిచి పోల్చింది; ఇంగ్లీషు అర్జీలోనిదీ పుష్పమ్మ చేతిరాతే. ఆమె హెడ్ నర్సు పదవి పోయింది. అదే వార్డులో మామూలు నర్సుగా ఉంచారు.

అది సుందరమ్మకు మేలు చేయలేదు. పదేళ్లు ఇద్దరూ ఒకే మంచానికి అటూ ఇటూ నిలబడ్డారు. పుష్పమ్మ ఏదైనా చెప్పాల్సి వస్తే రోగి వైపు చూసి చెప్పేది. సుందరమ్మా రోగికే జవాబిచ్చేది.

1948లో నవాబు రాజ్యం పోయాక ఆఫీసులో ఉర్దూ తగ్గి ఇంగ్లీషు కాగితాలు పెరిగాయి. సుందరమ్మను రికార్డుల విభాగానికి పెద్దను చేశారు. ఆ ఏడాదే పుష్పమ్మ ఉద్యోగ విరమణ. అందరి దగ్గరా సెలవు తీసుకుంటూ సుందరమ్మ బల్ల ముందుకు వచ్చి, ఆగకుండా దాటిపోయింది.

సుందరమ్మ కూడా కుర్చీలోంచి లేవలేదు.