వినేదాకా మైల లేదు

"...ఐసుగడ్డల మీద పెట్టుకొని కావలి కూసోమంటవా వదినె? మా వాడకట్టోళ్లు ఊకుంటరా?"

"మెల్లగ మాట్లాడు భూలక్ష్మీ. అత్తమ్మ వింటది."

"విననియ్యి. తెల్వకుంటనే తోలిస్తరా నా ఇంటికి?"

వంటింటికీ నడిమింటికీ మధ్య గోడ ఉంది కాని తలుపు లేదు. నడిమింట్లో మంచం మీద ఉన్న చంద్రమ్మకు కోడలి మాటా కూతురి మాటా రెండూ వినబడ్డాయి. ఐసుగడ్డల మీద పెట్టేది తననేనని అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కడుపులో గడ్డ ముదిరిందని, ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టమని దవాఖానలో చెప్పి పంపినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె గురించి మాటలన్నీ పక్క గదిలోనే జరుగుతున్నాయి.

పాత మాదాపూర్‌లో సకినాలంటే చంద్రమ్మే. పెళ్లిళ్లకూ పండగలకూ ఆమెను పిలిచేవారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, ముందుగా పిండితోనే చిన్న గౌరమ్మను చేసి పెట్టి, తెల్లబట్ట పరిచి కూర్చుంటే ఆమె వేళ్ల మధ్య నుంచి పిండి మెలికలు తిరుగుతూ చుట్టు మీద చుట్టుగా జారేది. కడాయిలోంచి తీసిన సకినం తెల్లగా ఉండాలి, నోట్లో వేసుకుంటే కరకరలాడాలి. ఎర్రబడిన వాటిని, పిలిచిన ఇంటివాళ్ల ముందే, బర్రెకు వేసేది. చేసినవాళ్లు ఏడ్చినా వేసేది. ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్న ఆడవాళ్లలో ఆమె చేత తిట్లు తినని మనిషి లేదు.

సైబర్ టవర్స్ లేచిన మరుసటి ఏడు ఊరి చుట్టూ హాస్టళ్లు లేచాయి. ఉద్యోగాలకు వచ్చిన పిల్లలకు ఇంటి తిండి మీద ధ్యాస. కోడలు నీలమ్మ అత్త పేరు చెప్పి సకినాలు, మురుకులు, గరిజెలు అమ్మడం మొదలుపెట్టింది. అవి ఆడపిల్లల హాస్టల్ నడిపే బాలాత్రిపురసుందరికి నచ్చాయి. ఆమెది కాకినాడ వైపు. తన హాస్టల్‌కే కాక, తెలిసిన కంపెనీ ఒకటి దీపావళికి ఉద్యోగులందరికీ పంచే పెట్టెలకు కూడా ఆమె ఆర్డరు ఇప్పించింది. ఇచ్చేముందు గడపలో నిలబడి ఒక మాట అడిగింది.

"ఇంట్లో మైల లాంటిదేమీ లేదు కదండీ? వీటిని దేవుడి దగ్గర పెట్టుకునేవాళ్లుంటారు."

లేదని నీలమ్మ చెప్పింది. అప్పటికి అది నిజమే.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పిండివంటకు కడాయి పెట్టరు. పెట్టినా ఆ ఇంటిది ఎవరూ ముట్టరు. చంద్రమ్మ ఇక్కడ పోతే డప్పు మోగుతుంది, ఊరంతా వస్తుంది, హాస్టల్‌కు ఆ సాయంత్రానికే తెలుస్తుంది. అందుకని నీలమ్మ ఒక దారి ఆలోచించింది. ముసలామెను నార్సింగిలో కూతురి ఇంటికి పంపాలి. అక్కడ ప్రాణం పోతే, పెట్టెలన్నీ కంపెనీకి చేరేదాకా భూలక్ష్మి కబురు పంపకూడదు. మైల అంటుకునేది కబురు విన్న ఘడియ నుంచే కదా. అప్పటిదాకా శవాన్ని ఎట్లా ఉంచాలన్నదే వంటింట్లో తెగని తగవు.

ఆ లెక్క నీలమ్మ సొంతంగా కట్టింది కాదు. అది చంద్రమ్మకు తెలుసు.

నీలమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, పటేలు ఇంటి పెళ్లికి సకినాలు ఒత్తుతున్న రోజున గోపన్‌పల్లి నుంచి ఆమె చిన్నాయన సైకిలు మీద వచ్చాడు. నీలమ్మ తండ్రి తెల్లవారుజామున పోయాడు. చంద్రమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురు వెళ్లి ఆయన్ని వాకిట్లోనే ఆపింది. పశువుల కొట్టంలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. వినేదాకా మైల లేదని, ఇప్పుడు చెబితే పిల్ల పని వదిలి లేస్తుందని, పిండి తడారిపోతుందని, జర ఆగమని చెప్పింది. ఆయన ఆగాడు. లోపల నీలమ్మ తోటి ఆడవాళ్లతో కలిసి పాడుతూ సకినాలు చుట్టింది. ఆఖరి వాయి దిగాక చంద్రమ్మ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. నీలమ్మ గోపన్‌పల్లి చేరేసరికి వాళ్లు ఆమె కోసం చూసి చూసి నిప్పు పెట్టేశారు.

ఒక్క సకినం కూడా పాడు కాలేదని చంద్రమ్మ తరవాత చాలామందితో చెప్పుకుంది. నీలమ్మ అప్పుడు ఏమీ అనలేదు. ఆ తరవాతా అనలేదు. కోడలు అణకువ గలదని చంద్రమ్మ అనుకుంది.

వంటింట్లో మాటలు ఆగాయి. నీలమ్మ జావ గిన్నె పట్టుకొని వచ్చి మంచం పక్కన కూర్చుంది. చెంచాతో పట్టి, మూతి తుడిచింది. సేవలో ఆమె ఎన్నడూ లోపం చేయలేదు.

"నన్ను నార్సింగి పంపుతున్నరట," అంది చంద్రమ్మ.

"ఆడ గాలి మంచిగుంటది అత్తమ్మ. ఈడ పొద్దందాక నూనె పొగ."

"నేను పోతే నా కొడుకు మొగిలికి గూడ చెప్పరా?"

నీలమ్మ ఇంకో చెంచా అందించింది. "చెప్తరు. కడాయి దిగినంక."

"ఎవలు నేర్పిండ్రే నీకు ఈ బుద్ధి?"

"నువ్వే గద నేర్పింది. మా నాయిన పోయిననాడు." నీలమ్మ గొంతు పెంచలేదు. "బియ్యం నానవెట్టిన అత్తమ్మ. పిండి తడారిపోతది."

చంద్రమ్మ మొహం తిప్పుకుంది. జావ పెదవి మీంచి మెడ మీదికి కారింది. నీలమ్మ దాన్ని కూడా ఓపికగా తుడిచింది.

కొడుకు మొగిలి గడపలో నిలబడి ఉన్నాడు. తాము జొన్న వేసిన చెలకలో లేచిన కంపెనీకే అతను వాచ్‌మన్. ఒంటి మీద నీలం యూనిఫాం అట్లాగే ఉంది. అంతా విన్నాడని అతను నిలబడిన తీరే చెబుతోంది. చంద్రమ్మ అతన్ని దగ్గరికి పిలిచి, నువ్వేమంటవని అడిగింది. మొగుణ్ని కాల్చిన చోటే తానూ కాలాలని, కొడుకు చేత్తో నిప్పు పడాలని ఆమె అతనికి ఇంతకు ముందే చెప్పి ఉంది. ఇక ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

మొగిలి టోపీ తీసి చేతిలో తిప్పాడు.

"పెద్ద ఆర్డర్ అవ్వ. ఈసారి తప్పితే గోపన్‌పల్లిల సకినాలు చేసెటోళ్లకు పోతది. మల్ల మనకు రాదు."

"నా మొఖం చూడవా రా?"

"అయినా నీకేమైతదని. పండుగ దాటుతవ్ నువ్వు." అంటూనే అతను గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. చూసినందుకు సిగ్గుపడి తల దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బాలాత్రిపురసుందరి రుచి చూడటానికి వచ్చింది. నడిమింట్లోకి తొంగి చూసి, మామ్మగారు బాగున్నారా అని పలకరించింది. చంద్రమ్మకు ఒక్క మాట చాలు. తాను చావబోతున్నానని, వీళ్లు దాచబోతున్నారని అంటే ఆ ఆర్డరు ఆ గడప దగ్గరే పోతుంది. వంటింట్లో నీలమ్మ చప్పుడు ఆగిపోయింది. భూలక్ష్మి తల్లి కాళ్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

చంద్రమ్మ ఆ వచ్చినామె చేతిలోని సకినం అడిగి ఒక ముక్క విరిచింది. పళ్లు లేని నోట్లో చాలాసేపు నానబెట్టింది. వాము ఎక్కువైందని, రేపటి పిండిలో తగ్గిస్తారని చెప్పింది. బాలాత్రిపురసుందరి సంతోషంగా వెళ్లిపోయింది.

నీలమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఏదో అనబోయింది. చంద్రమ్మ చెయ్యెత్తి ఆపి, మొగిలిని కూడా పిలవమంది. ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. భూలక్ష్మి ఏడవడం మొదలుపెట్టింది. ఐసుగడ్డల సంగతి తానే చూసుకుంటానని అంది. చంద్రమ్మ ఆమెను ఊరుకోమంది.

"పొద్దుగాల్నే ఆటో మాట్లాడుర్రి. పోత," అంది. తరవాత కొడుకు వైపు తిరగకుండా కూతురితోనే చెప్పింది. "మొగిలికి కబురు పంపకు బిడ్డా. కడాయి దిగినంక గూడ వద్దు, పండుగ అయినంక గూడ వద్దు. ఎన్నటికీ వద్దు. వాడు వినకుంటే ఈ ఇంటికి మైలనే లేదు. నన్ను ఆడనే కాలవెట్టు. తలకొరివి నువ్వు వెట్టు."