సైన్ ముప్పై, మా మావయ్య కాటా

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. మాది క్రైస్తవ కుటుంబమే అయినా, చర్చిలో కంటే నాకు అక్కడే భక్తి ఎక్కువగా ఉండేది. అనకాపల్లి శివార్లలో కొత్తగా వెలసిన ఒక ఇంజనీరింగు కాలేజీలో అప్పుడు నేను టెంపరరీ లెక్చరర్ని. ఇరవై మూడేళ్ళ వయసు, అన్నయ్య పెళ్ళికి కుట్టించిన రెండు ప్యాంట్లు, ఏప్రిల్ నెలాఖరుకి అయిపోయే ఉద్యోగం, ఇవీ నా ఆస్తులు. ఆ ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించడం, పొడిగించకపోవడం ప్రిన్సిపాల్ గారి చేతిలో ఉంది. అందుకే ఆయన ఓ రోజు నన్ను పిలిచి, పిల్లలు లెక్కలు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొంటే మంచిదో పరీక్షించి రిపోర్టు రాయమనగానే, నా ఉద్యోగం ఈ రిపోర్టు మీదే నిలబడుతుందని నాకు తెలిసిపోయింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నా ముందున్నవి మూడు. రెండింటి తాలూకు డీలర్లు విశాఖపట్నం నుంచి వచ్చి, వాడి చూడమని సీడీలిచ్చి, టీ తాగి వెళ్ళారు. మూడోది ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో ఉంది. (ఊరికే వచ్చిందని దాన్ని మొదటినుంచీ చిన్నచూపే చూశాను.) మూడూ గ్రాఫులు గీస్తాయి, మూడూ సమీకరణాలు సాధిస్తాయి. ఏది మంచిదో ఎలా తేల్చడం? ఈ బాధ ఇంట్లో వెళ్ళగక్కుతుంటే మా మావయ్య విన్నాడు. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. అయిదో క్లాసు దాకా చదివి, బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనికి కుదిరి, అక్కడే జుట్టు నెరిసిన మనిషి. మార్కెట్లోకి కరెంటు కాటా కొత్తగా వచ్చిందప్పుడు. ఎర్రటి అంకెలు మెరిసే ఆ పెట్టెను రైతులు ఓ పట్టాన నమ్మేవారు కాదు. మావయ్య రోజూ పొద్దున్నే వాళ్ళందరి ముందూ దాని మీద ఇరవై కిలోల ఇనపరాయి పెట్టి, అది ఇరవై చూపించాకే మొదటి బెల్లం దిమ్మ ఎక్కించనిచ్చేవాడు.

"కొత్తదేదొచ్చినా తెలిసిన రాయే పెట్టి సూడాల్రా అల్లుడూ," అన్నాడు. ఇంత చదివిన నాకు ఆ ముక్క తట్టనందుకు కాస్త సిగ్గేసింది గానీ, పైకి మాత్రం నేనూ అదే అనుకుంటున్నానన్నాను.

తెలిసిన రాయి ఏది? ఇంటర్ చదివిన ఎవణ్ణి నిద్రలో లేపి సైన్ ముప్పై ఎంతరా అన్నా, అర అని చెప్పి మళ్ళీ ముసుగు తన్నేస్తాడు. అంతకంటే తెలిసిన రాయి నాకు కనబడలేదు. మొదటి సాఫ్ట్‌వేర్‌లో సైన్ ముప్పై అని కొట్టాను. మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది ఎనిమిది ఎనిమిది అంది. నవ్వొచ్చింది. ఇంత పేరుమోసినదానికి ఇంటర్ లెక్క రాదు! రెండోదాన్ని అడిగాను. అదే అంకె. ఊరికే వచ్చినదాన్ని అడిగాను. అదే, దశాంశం తర్వాత అదే వరసలో. నా జేబు క్యాలిక్యులేటర్ తీసి నొక్కితే చక్కగా అర అంది. ముగ్గురు ఒకే మాట చెప్పినప్పుడు తప్పు మనదేమోనని మామూలు మనిషికి అనుమానం రావాలి. కానీ నేను మామూలు మనిషిని కాను, పరీక్షల్లో ఇన్విజిలేటర్ని. మూడు పేపర్లలో ఒకే తప్పు జవాబుంటే దాని అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. ఒకదాన్ని చూసి మిగతా రెండూ కాపీ కొట్టాయి!

శనివారం మధ్యాహ్నానికి నాలుగు పేజీల రిపోర్టు తయారైంది. మూడింట్లో ఒక్కటీ నమ్మదగినది కాదనీ, పైగా ఒకదాన్ని చూసి ఒకటి తయారు చేసినట్టు బలమైన ఆధారాలు దొరికాయనీ రాశాను. 'దిగ్భ్రాంతికరం' అనే మాట రెండుసార్లు వాడాను. ప్రిన్సిపాల్ గారి గదిలో బంట్రోతుకి ఇచ్చి, సైకిల్ మీద ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మావయ్యకి ఈ ఘనకార్యం మొత్తం చెప్పాను. సైన్ అంటే ఏమిటో ఆయన అడగలేదు. ముప్పై అన్నావు కదా, ముప్పై ఏటి, అని అడిగాడు.

"డిగ్రీలు మావయ్యా."

"ఆ సంగతి దానికి సెప్పేవా?"

తల అడ్డంగా ఊపాను.

"మా కాటాకాడికి సీడికాడ ఊర్నించి ఓ ముసలాయన వత్తాడు. ఆయనవన్నీ పాతకాలం మణుగుల లెక్కలు. మా కాటా కిలోల్లో సూపిత్తాది. అంకె సూసి రోజూ దెబ్బలాటే. కాటాదేటి తప్పు? అది ఏ లెక్కలో తూగుతాదో ముందు అడగాల కదేటి."

అప్పుడు తట్టింది నాకు. కోణాన్ని డిగ్రీల్లోనే కాదు, రేడియన్లలోనూ కొలుస్తారు. ఒక్క రేడియను దాదాపు యాభై ఏడు డిగ్రీలు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ ఏమీ చెప్పకపోతే రేడియన్లనే అనుకుంటాయి. నా జేబు క్యాలిక్యులేటర్ మాత్రం డిగ్రీల్లో పెట్టి ఉంది. నేను ముప్పై డిగ్రీలనుకుని అడిగాను, అవి ముప్పై రేడియన్లకి తప్పు లేకుండా జవాబు చెప్పాయి. ఈ రేడియన్ల పాఠాన్ని పది రోజుల కిందట క్లాసులో చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఆ పాఠం విననివాడు ఆ క్లాసులో నేనొక్కడినే అయ్యుంటాను.

సోమవారం కాలేజీ గేటు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు చదవకముందే రిపోర్టు వెనక్కి తెచ్చుకోవాలని నా ఆత్రం. ఆయన చదివేశారు. చదివి, నేనెన్నడూ చూడనంత సంతోషంగా ఉన్నారు. ఏదీ పనికిరాదంటే ఏదీ కొనక్కర్లేదు కదా! మేనేజ్‌మెంటుకి చెప్పడానికి ఇంతకంటే మంచి కబురు ఉండదన్నారు. నా ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన ముందే ఉంది. పెన్ను మూత కూడా తీశారు. నోరు మూసుకుని నిలబడితే చాలు, ఏడాది గడిచిపోతుంది. కానీ ఫైనలియర్ పిల్లలకి ఏ సాఫ్ట్‌వేరూ దొరకదు, నా రిపోర్టు మాత్రం బీరువాలో ఉంటుంది. నాకు భయంగానే ఉంది, నిజం చెప్పొద్దూ. అయినా మొత్తం చెప్పేశాను. మణుగుల ముసలాయన దగ్గర్నుంచీ చెప్పాను.

ఆయన పెన్ను మూత మళ్ళీ పెట్టారు. 

"మీ మావయ్య ఎక్కడ పని చేస్తారన్నావు?"

"బెల్లం మార్కెట్లోనండి. కాటా దగ్గర."

"నీ ఉద్యోగానికి ఆయన వస్తారేమో కనుక్కో."

వారం రోజులు ఆ కాగితం మీద సంతకం పడలేదు. ఎనిమిదో రోజు పడింది. మూడూ మంచివే అని కొత్త రిపోర్టు రాసిచ్చాను గనుక, ఆయన క్షణం ఆలోచించకుండా ఊరికే వచ్చినదాన్ని ఎంచుకున్నారు. పిల్లలు దానితోనే ప్రాజెక్టులు చేసి గట్టెక్కారు. ఇన్నేళ్ళూ నేను మాత్రం ప్రతి కొత్త బ్యాచ్‌కీ బోర్డు మీద సైన్ ముప్పై రాసి, వెనకటికి నాకో స్నేహితుడుండేవాడు అని ఈ కథ చెబుతున్నాను. క్లాసంతా పగలబడి నవ్వుతుంది. పోయినేడు నవ్వు సద్దుమణిగాక రెండో బెంచీలోంచి ఓ అమ్మాయి లేచింది. ఆ పిల్ల మా మావయ్యకి మనవరాలని నాకు గుర్తొచ్చేలోపే నోరు తెరిచింది.

"ఈ కథ మా తాత కూడా చెప్తాడు సార్. ఆయన కథలో స్నేహితుడు లేడు, మేనల్లుడున్నాడు."

 బోర్డు మీది ముప్పై పక్కన, పైన, డిగ్రీల చిన్న సున్నా చుట్టాను. "మేనల్లుడేనమ్మా," అన్నాను. నవ్వులు ఆగేదాకా బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను. నాకూ నవ్వొస్తోంది మరి. పాపం, ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి ఇన్నేళ్ళూ ఎవడో స్నేహితుడని చెప్పుకు తిరిగాను.