మండి పళ్లెంలో నా సరిహద్దు

బయట తినే దినం పొద్దుగాలనుంచి ఉపాసముంటే బరువు పెరగదని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. ఎండిన కడుపుతో పోయి రెండు పూటల తిండి ఒక్క పూటనే మింగి వచ్చేది. చివరికి డాక్టరమ్మ నా రక్తపరీక్ష చీటీ చూసి, "మూడు నెలల్ల ఐదు కిలోలు తగ్గాలె. లేకపోతే షుగర్ గోలీలే" అన్నది. మా బాపు కాలు గా రోగానికే పోయింది. నాకు భయం పట్టుకుంది.

గా మూడు నెలలు నాకు దుష్మన్ రోగం కాదు, మా బావ. అక్క పెనిమిటి. దుబాయి నుంచి వచ్చి నిర్మల్‌ల ఇల్లు కట్టిండు. ప్రతి శుక్రవారం అక్కనూ నన్నూ మండి హోటల్‌కు తీస్కపోయేటోడు. మండి అంటే అరబ్బోళ్ల మటన్ అన్నం: నడుమ ఒక్కటే పెద్ద పళ్లెం, చుట్టూ అందరం. ఎవరెంత తిన్నరో పళ్లేనికి కూడా తెల్వది.

అందుకే చెంచాతోని అన్నంల గీత గీసిన. "బావా, గీతకు ఇవతలిదే నాది."

"వారీ, పొలం గట్టు పెట్టినవారా!" అని నవ్వి, ఎదురుంగ కూసున్న బావ ఒక మటన్ తునక గట్టు దాటించి నా దిక్కు నూకిండు. నేను వాపస్ నూకితే రెండొచ్చినయ్. "కోడిపిల్ల లెక్క ఏరుకుంటున్నవ్. పిలిచినోని ఇజ్జత్ తీస్తవా బామ్మర్దీ?" పక్క బల్లలోళ్లు తలలు తిప్పేటంత గట్టిగ అంటడు. సిగ్గుకు తింట. మండి లోపలికి పోతుంటే ఒళ్లు మండేది. బక్రీద్ పొట్టేలును కూడా ఇంత పట్టుబట్టి మేపరు.

రెండు నెలలైనయ్. నా ఒంటి మీద తగ్గినయి అంగీ గుండీలు మాత్రమే, అవి కూడా తెగిపడి. అప్పుడు కనిపెట్టిన: ఆయన నాకు నూకుడే గాని తినుడు లేదు. దుబాయి నుంచి తెచ్చిన బెల్టు ఇంకా అదే రంధ్రంల ఉంది.

తర్వాతి శుక్రవారం నా దిక్కు తునకల గుట్ట పోసినంక, దోస్తు ఫోనొచ్చి బావ బయటికి పోయిండు. పళ్లెం అంచులు రెండు చేతులతోని పట్టి, సగం చుట్టు తిప్పిన. గుట్ట పోయి ఆయన దిక్కు ఆగింది. అక్క చూసింది. గుట్ట మీద ఇంకో తునక పెట్టింది.

బావ వచ్చి నిలబడ్డడు. "గిదేంది?"

"తిను బావా," అన్న, పక్క బల్లలోళ్లు తలలు తిప్పేటట్టు. "పిలిచినోడివి. నీ ఇజ్జత్ నువ్వే తీసుకుంటవా?"

అందరూ చూస్తుండ్రు. కూసున్నడు. ఆఖరి తునక దాకా తిన్నడు. నేను కీర ముక్క నములుకుంట, ఆయన బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకునుడు చూసిన.