అడుగు లోపలికి జరిగిన పిల్లర్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. జగ్గయ్యపేటలో మా సందు చివర ఒక పాడుబడ్డ ఇల్లుండేది. అందులో ఎవరో తిరుగుతున్నారని మా అమ్మతో సహా అందరూ పక్క సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం ఐటీఐ చదివిన రెండేళ్ళూ ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని డ్రాయింగులు వేసుకున్నాను, చల్లగా ఉంటుందని. ఏ దెయ్యమూ నన్ను పలకరించలేదు. నా నోటికి భయపడి ఉంటుందని మా అన్నయ్య అనేవాడు.

అందుకని దీన్ని దెయ్యం కథ అని నేను అనను. ఏమనాలో కూడా తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులు. నందిగామలో ఒక ఇంజనీరు గారి ప్లానింగ్ ఆఫీసులో బొమ్మలు గీసే ఉద్యోగం చేసేదాన్ని. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్ళిరావడం. ఆఫీసులో మొత్తం ముగ్గురం: సారు, నేను, నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన కిషోర్. మూడు కంప్యూటర్లు, వాటిని కలుపుతూ గోడ వెంబడి ఒక వైరు.

ఒకే బిల్డింగు ప్లాను నేనూ కిషోరూ పంచుకుని గీసేవాళ్ళం. అసలు ఫైలు సారు కంప్యూటర్లో ఉండేది. దాని కాపీ మా మా కంప్యూటర్లలోకి తెచ్చుకుని పనిచేసి, సాయంత్రం ఇంటికెళ్ళేముందు మేం మార్చింది తిరిగి అసలు ఫైల్లో కలపాలి. ఒకరు అసలు ఫైలు తెరిచి కూర్చుంటే రెండోవాళ్ళు ఏమీ కలపలేరు, వాళ్ళు మూసేదాకా ఆగాల్సిందే. "కలపని పని చెయ్యని పనే" అని సారు రోజుకోసారి చెప్పేవారు. మేం రోజుకోసారి తల ఊపేవాళ్ళం.

అప్పుడు ఒక ప్రైవేటు స్కూలు బిల్డింగు ప్లాను నడుస్తోంది. స్థలం జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, హైదరాబాద్ రోడ్డు పక్కన, ఒకప్పటి మిరప చేను. నా బస్సు రోజూ దాని ముందునుంచే వెళ్ళేది. ఒక గురువారం పొద్దున ఎందుకో ఒకసారి చూద్దామనిపించి అక్కడ దిగాను. గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, ఇక్కడ ఏం కడతారు తల్లీ అని అడిగింది. చెప్పాను. ఆమె కొడవలి పక్కన పెట్టి రోడ్డు వైపు మూల చూపించింది. తన పెళ్ళినాటికి అక్కడ మోటబావి ఉండేదట. నీళ్ళు ఎండిపోయాక పూడ్చేశారట. మట్టితో కూడా కాదు, పత్తికట్టె, రాళ్ళు, ఏది దొరికితే అది వేసి పైన నాలుగు తట్టల మట్టి పోశారట.

మా ప్లానులో ముందు వరస పిల్లర్లలో ఐదు, ఆరు, ఏడు నంబర్లు సరిగ్గా ఆ మూల మీదే పడతాయి. అక్కడ గుంత తవ్వడానికి దిగినవాళ్ళ కాళ్ళ కింద నేల నిలవదు.

ఆమె చూపించిన చోటు దాటించి, గట్టి నేల మీద మూడు చోట్ల మూడు రాళ్ళు పెట్టాను. హద్దు నుంచి ఒక్కోదానికీ దూరం కొలిచి, టేపు మీద అంకె చూపించినట్టే రాసుకున్నాను. నా బ్యాగులో ఉండే మా ఆఫీసు గుడ్డ టేపుకి మొదటి అడుగు చిరిగిపోయింది. ఒకటో అంకె దగ్గర పట్టుకుని కొలిచి, గీసేటప్పుడు వచ్చినదాంట్లోంచి ఒక అడుగు తీసెయ్యాలి. ఆ సంగతి మాకు అలవాటే.

ఆఫీసుకెళ్ళి రోజంతా దాని మీదే కూర్చున్నాను. మూడు పిల్లర్లనూ లోపలికి జరిపి, వాటి మీద ఆధారపడిన గోడలూ వరండానూ సరిచేసేసరికి సాయంత్రం ఐదున్నర. ఏడో పిల్లర్ వరసలోంచి కాస్త తప్పినట్టు తెరమీద కనిపించింది. హద్దే వంకర, అదీ అంతేలే అని సరిపెట్టుకున్నాను. ఇక కలుపుదామని చూస్తే అసలు ఫైలు కిషోర్ తెరిచి మెట్లు గీస్తున్నాడు.

"ఐదు నిమిషాలు ఆగక్కా, ఇదిగో అయిపోతంది" అన్నాడు.

అతని ఐదు నిమిషాలు నాకు తెలియనివా! అప్పటికే మూడుసార్లు అన్నాడు ఆ మాట. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా బస్సు పోద్ది. నీ మెట్లు నువ్వే ఎక్కుకో!" అని బ్యాగు తీసుకుని వచ్చేశాను. స్థలంలో పునాదులకు ముగ్గు పోసేది సోమవారం కదా, రేపు కలుపుకుందాం అనుకున్నాను. బావి సంగతి సారుకి చెప్పాలన్న ధ్యాస కూడా లేదు, అంత కోపం.

శుక్రవారం పొద్దున ఏడూ నలభై ఐదు బస్సు ఎక్కాను. సీటు దొరకలేదు. నందిగామ దాకా నిలబడే వెళ్ళాను. దారిలో కునుకు తీసి ఉంటావు అని ఎవరైనా అంటారేమోనని ఈ మాట చెబుతున్నాను. జనం మధ్య ఇరుక్కుని బయటికి చూసే వీలు కూడా లేదు. స్థలం దాటేది ఎనిమిది ప్రాంతంలో. ఆ దారంతా నా బుర్రలో ఆ మూడు కొలతలే తిరుగుతున్నాయి, పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు.

నందిగామలో బస్సు దిగుతుంటే వెలిగింది. ఏడో పిల్లర్‌కి చిరిగిన అడుగు తియ్యలేదు! అందుకే అది వరస తప్పింది. నన్ను నేను తిట్టుకున్నాను. వెళ్ళగానే సరిచేసి కలిపేస్తే నా తప్పు ఎవరికీ తెలియదు అనుకున్నాను. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు రిజిస్టర్లో సంతకం పెట్టాను. పక్కనే కిషోర్ ఉన్నాడు.

నా కంప్యూటర్ తెరుచుకోలేదు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు, అంతే. తర్వాత విజయవాడ పంపిస్తే అందులో ఉన్నదంతా పోయిందనే చెప్పారు.

నేను తల పట్టుకుని కూర్చుంటే సారు వచ్చి అసలు వార్త చెప్పారు. నిన్న నేను వెళ్ళాక స్కూలాయన వచ్చారట. సోమవారం మంచిది కాదని పంతులు గారన్నారట, ముహూర్తం శుక్రవారం పొద్దున ఏడున్నరకి మారిందట. సారు అసలు ఫైల్లోంచి ప్లాను ప్రింటు తీసి ఆయన చేతికిచ్చి పంపారట. అంటే పాత ప్లాను. బావి మీద మూడు పిల్లర్లున్న ప్లాను.

ఏడుపొచ్చింది. ఆ బావి సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఐదు నిమిషాలు ఆగలేక నోరు పారేసుకుని వచ్చేసినదాన్నీ నేనే. గుంతలో మనుషులు కూరుకుపోతే అది నా వల్లే. సారుకి అంతా చెప్పేశాను. ఆయన స్కూలాయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. మేస్త్రికి ఫోను లేదు. కిషోర్ బండి తీశాడు. దారిపొడుగునా అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం నయంగా ఉండేది.

మేం చేరేసరికి పదింబావు. ముగ్గు పోయడం అయిపోయింది. నలుగురు పలుగూ పారా పట్టుకుని తవ్వుతున్నారు, మోకాలి లోతు దిగారు. బండి ఆగకముందే దూకి పరిగెత్తాను.

రోడ్డు వైపు మూలలో గుంతల్లేవు.

ఐదో పిల్లర్, ఆరో పిల్లర్ ముగ్గులు గట్టి నేల మీద ఉన్నాయి, నేను నిన్న రాళ్ళు పెట్టిన చోట. ఏడోది వాటి వరస నుంచి అడుగు లోపలికి ఉంది. టేపు తీసి కొలిచాను. సరిగ్గా ఒక అడుగు.

బావి సంగతి ముసలమ్మ ద్వారా తెలిసి మేస్త్రే జరిపి ఉంటే నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు. పిల్లర్లు ఎవరైనా జరపొచ్చు. కానీ ఆ అడుగు తప్పు నాది. పోయిన కంప్యూటర్లో తప్ప అది ఎక్కడా లేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

"బాబాయ్, ఈ మూడు ఇక్కడ పొయ్యమని ఎవరు చెప్పారు?" అని మేస్త్రి గోపయ్యను అడిగాను.

"అదేంటమ్మాయ్, అట్టా అడుగుతావ్? పొద్దున ఎనిమిదింటికి నువ్వేగా వచ్చి ఆ హద్దురాయి కాడ నిలబడి కొలతలు చెప్పింది?" అన్నాడాయన. నన్ను పైనుంచి కిందికి చూసి, "అప్పుడు పచ్చ డ్రెస్సులో ఉన్నావ్. మళ్ళీ ఇంటికెళ్ళి మార్చుకొచ్చావేంటి?" అన్నాడు.

ఆ రోజు నేను వేసుకున్నది నీలం చుడీదార్. పచ్చది గురువారం వేసుకున్నాను. అది మా ఇంట్లో సబ్బునీళ్ళ బకెట్లో నానుతోంది.

ప్లాను ఏదని అడిగాను. ఇటుకల మీదున్న కాగితం చుట్ట తెచ్చి ఇచ్చాడు. కట్టిన దారం కట్టినట్టే ఉంది. పైన పూజలో పెట్టిన పసుపూ కుంకుమా చెదరలేదు. "నువ్వు నోటితో చెబుతుంటే మళ్ళీ కాగితం ఎందుకని విప్పలా" అన్నాడు. విప్పి చూశాను. పాత ప్లానే. మూడు పిల్లర్లూ బావి మీదే ఉన్నాయి.

ఒక గునపం అడిగి తీసుకుని పాత ప్లాను ప్రకారం ఆరో పిల్లర్ పడాల్సిన చోట దించాను. రెండు పోట్లకు నా పిడికిలి దాకా దిగబడిపోయింది. పైకి లాగితే దాని మొనకు కుళ్ళిన పత్తికట్టె అంటుకుని వచ్చింది. ఆ చోట నలుగురు నిలబడి తవ్వుతూ ఉండాల్సింది.

"పొద్దున వచ్చింది నువ్వేగా?" అని మేస్త్రి మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. తవ్వేవాళ్ళు పని ఆపి నా మొహం వైపే చూస్తున్నారు. కాదంటే పలుగులు అక్కడే పారేసి పోతారు. నాకూ కాదనే ధైర్యం లేకపోయింది.

"నేనే బాబాయ్, నేనే వచ్చా" అన్నాను.

నా వెనక కిషోర్ నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఈ విషయం నాతో ఎప్పుడూ ఎత్తలేదు. కాకపోతే ఆ రోజునుంచి నేను బ్యాగు సర్దుకోవడం చూడగానే అసలు ఫైలు మూసేసి పక్కకు తప్పుకునేవాడు. సారు మాత్రం మేం టైముకి వెళ్ళి పిల్లర్లు జరిపించామనుకుని మెచ్చుకున్నారు. ఏడో పిల్లర్ వరసలోకి తెప్పించమంటావా అని మేస్త్రి అడిగితే ఉండనివ్వమన్నాను. దాన్ని కదిలించడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పటికీ ఆ స్కూలు వరండా ఆ మూల అడుగు లోపలికి ఉంటుంది.

ఆరేడేళ్ళ తర్వాత జగ్గయ్యపేట బస్టాండులో గోపయ్య మేస్త్రి కనిపించాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, అందరూ చూస్తుండగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పెద్దవాడు, నాకు సిగ్గేసింది. "ఆ రోజు నువ్వు రాకపోతే నలుగురు పిల్లలుగలోళ్ళు మట్టిలో కలిసేవోళ్ళు తల్లీ" అన్నాడు. ఆ దండం నాకు చెందుతుందో లేదో తెలియక, ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాను.

ఆయన నవ్వాడు. "కానీ అమ్మాయ్, నీకు కోపం జాస్తి. ఆ రోజు కొలతలు చెప్పినాక, ఐదు నిమిషాలు ఆగు, టీ తాగి పోదువుగానీ అన్నా. గయ్యిమన్నావు గదా! నా బస్సు పోద్ది, నీ మెట్లు నువ్వే ఎక్కుకో అనేసి చరచరా ఎల్లిపోయావ్. ఆ చేలో మెట్లెక్కడియ్యి తల్లీ? నేను ఇప్పటికీ అనుకుంటా ఉంటా."

నేనూ ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట నేను అన్నది నిజమే. గురువారం సాయంత్రం ఐదున్నరకి, నందిగామ ఆఫీసులో, కిషోర్‌తో అన్నాను. శుక్రవారం పొద్దున ఆ చేలో నిలబడి అదే మాట అన్నది ఎవరో నాకు తెలియదు.