మూడో సిలిండరులో గాలి

పక్కింటి టాక్సీ డ్రైవరు షెడ్డులో పాము బుస కొడుతోందని వీధంతా కోడై కూస్తోంది. అది ఒట్టి మాట, నేను వెళ్లి చూశాను. బండి సరిగా లాగడం లేదని అతను ఇంజనుకి మూడో ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోకి గాలి ఎక్కించి, అది బుస్సుమని ఎటు నుంచి బయటికి పోతోందో చెవి పెట్టి వింటున్నాడు. పొగగొట్టం దగ్గర ఒకసారి, ఆయిలు మూత దగ్గర ఒకసారి, వారంగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆ చెవి నావైపు ఎప్పుడైనా పెట్టాడేమో అడుగు పెద్దమ్మా" అంది అతని భార్య.

"ఎన్నిసార్లు వింటావురా అబ్బాయ్?" అని అడిగేశాను.

"గాలి ఆయిలు మూత దగ్గరే వస్తోంది పెద్దమ్మా. అంటే ఇంజనంతా విప్పాలి, నెల్లాళ్లు బండి కదలదు, ఇల్లు గడవదు. పొగగొట్టంలోంచి వస్తే పైభాగం విప్పితే చాలు. రేపైనా అటు వస్తుందేమోనని వింటున్నా."