దవడ కట్టని మూడు గంటలు

ప్రాణం పోయాక మనిషి ఒంట్లో ముందుగా బిగుసుకునే వాటిలో దవడ ఒకటి. రెండు మూడు గంటల్లో మొదలవుతుంది. ఆ తర్వాత నోరు ఏ తీరున ఉంటే ఆ తీరునే ఉండిపోతుంది. మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి, కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేను మొదట నేర్పింది ఇదే. కళ్లు మూయండి, పళ్ల సెట్టు ఉంటే వెంటనే పెట్టండి, ఆ తర్వాతే దవడ కట్టండి, వరస తప్పితే సరిచేయలేరు అని ఒకటికి పదిసార్లు చెప్పేదాన్ని. మరిచిపోయిన పిల్లను వార్డంతా వినబడేలా తిట్టేదాన్ని. అంత గొప్పదాన్ని, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

అమ్మ బడిలో టీచరు. అరవై దాటకముందే పళ్లన్నీ పోయి సెట్టు కట్టించుకుంది. అందరూ పడుకున్నాక తీసి గిన్నెలో వేసేది, మేం లేవకముందే పెట్టుకునేది. కూతుర్ని, పైగా నర్సుని, అయినా నాకు ఒక్కనాడూ బోసినోరు చూపించలేదు. నాన్నను సమాధి చేసి వచ్చిన రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పాపా, నేను పోయినప్పుడు పండ్లు పెట్టకుండా నన్ను ఎవురికీ సూపించొద్దు. మాటియ్యి."

"ఇప్పుడు యాలమ్మా ఆ మాటలు?"

"ముందు మాటియ్యి."

ఇచ్చాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఏమీ జరగనట్టు కాఫీకి పాలు పెట్టింది.

చివరి ఏడాదిన్నరా అమ్మ కుప్పంలో చెల్లెలి దగ్గరే ఉంది. పుంగనూరులో నా దగ్గర ఉండమ్మా అంటే, "నీ దగ్గరుంటే ఆస్పత్రిలో ఉండినట్లుంటాది" అనేది. నాకు చుర్రుమనేది. మందులు వేళకు వేస్తే, ఉప్పు తగ్గిస్తే అది ఆస్పత్రా?

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మకు ఆయాసం ఎక్కువైందని చెల్లెలు ఫోన్ చేసింది. అంబులెన్సు పిలిచి మదనపల్లెకు పంపమన్నాను. "పండ్ల సెట్టు తీసెయ్, ఊపిరాడనప్పుడు గొంతుకడ్డం పడతాది" అని కూడా నేనే చెప్పాను. అది సరైన మాటే. అమ్మతోపాటు మరిది వచ్చాడు. చెల్లెలు బట్టలు సర్దుకుని పొద్దున్నే వస్తానంది. పొద్దు పొడవకముందే అమ్మ పోయింది.

అప్పటిదాకా ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. మాస్కు తీసి, అమ్మ కళ్లు మూసి, కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్లు ఎవరెవరి అమ్మల దగ్గరో ఏడవకుండా నిలబడ్డ దాన్ని, ఆ రోజు ఏడుపు ఆపుకోలేకపోయాను. డ్యూటీలో ఉన్న పిల్ల గుడ్డ తెచ్చి, "మేడమ్, దవడ కట్టేదా?" అంది. చెయ్యి చాచాను. అప్పుడు చూశాను అమ్మ నోరు. పెదాలు లోపలికి పోయి, బుగ్గలు గుంటలు పడి, ఎవరో తెలియని ముసలావిడ. టైము చూసుకున్నాను. ఆరు కూడా కాలేదు.

చెల్లెలికి ఫోన్ కొట్టాను. మరిది కబురు చెప్పి పుంగనూరుకే రమ్మన్నాడట, అప్పటికే కారులో బయలుదేరేసింది. కుప్పం దాటాక దారిలో సిగ్నల్ ఉండదు. సెట్టు తెస్తోందో, కిటికీలో గిన్నెలోనే వదిలేసిందో తెలియదు. ఎన్నిసార్లు కొట్టినా అదే పలుకు, అందుబాటులో లేరని.

దవడ కడితే నోరు మూసుకుని బిగుసుకుపోతుంది, ఇక పళ్లు పెట్టలేం. కట్టకపోతే తెరుచుకునే బిగుసుకుపోతుంది. చెల్లెలు సెట్టుతో వేళకు వస్తే సరే. రాకపోతే, లేదా ఉత్త చేతులతో వస్తే, అమ్మ నోరు తెరుచుకుని పెట్టెలో పడుకోవాలి. బోసినోరు కన్నా అది ఇంకా ఘోరం. "కట్టొద్దు" అన్నాను ఆ పిల్లతో. మెత్తటి గుడ్డ ఉండ చేసి అమ్మ చిగుళ్ల మధ్య పెట్టాను.

పుంగనూరులో ఇల్లు చేరేసరికి ఏడుంబావు. మా మేనత్త అప్పటికే వచ్చి, పాత తెల్లపంచ చింపి పట్టీలు సిద్ధం చేసుకుని కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషి, మా వాళ్లలో ఎవరు పోయినా ఆమె చేతి కట్టు పడాల్సిందే.

"ఏమ్మా, ఇంగా యాల కట్టలేదు? నోట్లో ఆ గుడ్డేంది?"

చెప్పాను. తలకొట్టుకుంది.

"పండ్ల కోసరం పీనుగ నోరు తెరిసి పెట్టుకుంటారంటమ్మా యాడన్నా? నర్సుద్యోగం సేసినావు గానీ నీకు బుద్ధి రాలేదు."

"నీ పట్టీలు నీ దగ్గరే పెట్టుకో అత్తా. నేను సెప్పినప్పుడు కడుదువు."

తలుపు గడియ పెట్టాను. ఇద్దరం అమ్మకు స్నానం చేయించాం. అత్త సణుగుతూనే చెంబుతో నీళ్లు పోసింది, నేను సబ్బు రుద్దాను. కాళ్ల వేళ్ల సందుల్లో కూడా కడిగాను, అమ్మకు అక్కడ మట్టి ఉంటే సహించదు. తల తుడిచి జడ అల్లాం. ఈస్టరుకు కట్టుకునే తెల్లచీర కట్టాం. మధ్యమధ్య వేడినీళ్లలో ముంచిన గుడ్డ పిండి దవడల మీద పెడుతున్నాను, బిగుసుకోవడం కాస్త ఆలస్యమవుతుందని ఆశ. పెట్టిన ప్రతిసారీ వేలితో గడ్డం కదిపి చూస్తున్నాను. ఎనిమిదికి బాగానే కదిలింది. ఎనిమిదుంబావుకు ఎడమవైపు మొరాయించింది.

బయట జనం పెరిగారు. అమ్మ దగ్గర చదువుకున్నవాళ్లు, చర్చివాళ్లు. పాస్టరుగారు వచ్చి తలుపు తట్టి, "అమ్మా, ఒకసారి చూపిస్తే ప్రార్థన చేసుకుంటాం" అన్నారు. "ఇంకా కాలేదండీ" అని లోపలినుంచే అరిచాను.

"మీ సెల్లెలు రాకుంటే ఏం జేస్తావు?" అంది అత్త. ఈసారి తిట్టలేదు, మెల్లగా అడిగింది. అందుకే ఇంకా భయమేసింది.

ఎనిమిదిన్నరకు గుడ్డ తీసి కట్టేద్దామని నాలో నేను గడువు పెట్టుకున్నాను. ఎనిమిదిన్నర అయింది. ఇంకో అయిదు నిమిషాలు అనుకున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, పలమనేరు దాటి శానాసేపాయ. టమాటా లారీలు అడ్డం..."

"సెట్టు తెస్తాండావా లేదా?"

కట్ అయిపోయింది. ఫోన్ మంచం మీదికి విసిరికొట్టాను.

ఇంకో పది నిమిషాలకు కారు ఆగిన చప్పుడైంది. గడియ తీసి చెల్లెల్ని లోపలికి లాగి మళ్లీ పెట్టాను. పాపం, చిన్నప్పటినుంచీ దానికి పీనుగంటే భయం. నాన్న పెట్టె దగ్గరికి కూడా రాలేదు. అదేమీ గుర్తు రాలేదు నాకు.

"సెట్టు యాడే? సర్దేటప్పుడు అమ్మ పండ్లు గుర్తుకు రాలేదా నీకు? కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

నువ్వే కదా తీయమన్నావు అని చెల్లెలు అనలేదు. చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత తీస్తే తడిగుడ్డలో చుట్టి, శుభ్రంగా కడిగిన సెట్టు. దానికి ఎవరూ చెప్పలేదు. తనే తెచ్చింది.

లాక్కున్నాను. గుడ్డ ఉండ తీసి పైవరస పెట్టబోయాను. సందు తక్కువ. అడ్డంగా తిప్పాను, పోలేదు. బలవంతం చేస్తే అమ్మ పెదవి ఒరుసుకుంది. సెట్టు చేతిలోంచి జారి అమ్మ గుండెల మీద పడింది. ఎన్ని వందల మందికి పెట్టాను నేను! రెండోసారీ పోలేదు. "ఇడిసిపెట్టమ్మా, ఇంగ సాలు" అంది అత్త. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మాట తప్పిపోతున్నాను, అంతే, ఇక ఏమీ లేదు అనిపించింది.

"ఇట్లియ్యక్కా," అంది చెల్లెలు.

"నీకేం తెలుసే?"

"ఏడాదిగా నేనే పెడతాండా. అమ్మ సేతులు వణుకుతాయి గదా."

నాకు తెలియదు. వారం వారం ఫోన్‌లో బీపీ ఎంత, షుగరెంత అని అడిగిన దాన్ని, ఆ చేతులు వణుకుతున్నాయని నాకు తెలియనే తెలియదు. సెట్టు దాని చేతికిచ్చాను. మంచం అంచున అమ్మ తల పక్కనే కూర్చుంది. భయం ఏమైపోయిందో మరి. బొటనవేళ్లు నీళ్లలో తడుపుకుని, నావైపు చూసింది.

"నువ్వట్ల గోడపక్కకు తిరుక్కో అక్కా."

"యాల?"

"నువ్వు సూస్తాంటే అమ్మ నోరు తెరవదు. 'అక్కకు మాత్రం సూపించొద్దు' అని రోజూ సెప్తాది నాకు."

పాస్టరుగారిని, ఊరందరినీ తలుపవతల నిలబెట్టిన దాన్ని, గోడవైపు తిరిగాను. క్యాలెండరు ఉంది అక్కడ. దానివైపే చూశాను గానీ ఒక్క అక్షరం కనబడలేదు. వెనక చెల్లెలు దవడలు మెల్లగా రుద్దుతున్న చప్పుడు.

"అమ్మా, ఆ... అను. అట్లే. ఇంగొంచెం. మా యమ్మ గదా. అయిపాయ, అయిపాయ."

టక్కుమని చిన్న శబ్దం. కాసేపటికి ఇంకొకటి.

"ఇప్పుడు సూడక్కా."

తిరిగాను. అమ్మ. బుగ్గలు, పెదాలు, పాఠం మొదలుపెట్టబోయే ముందుండే ఆ ముఖం. అత్త పట్టీ అందుకుని గడ్డం కిందనుంచి నడినెత్తికి కట్టింది. బిగుసుకునేదాకా ఉంచి తీసేస్తే చాలు. "మా వొదిన మాదిరే ఉండాది ఇప్పుడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాను.

"నేను సూసేసినానే, పొద్దున్నించీ" అన్నాను చెల్లెలితో.

అది డబ్బా మూత పెడుతూ, "అమ్మకు తెలీదులే అక్కా" అంది.

తలుపు తీశాను.